గోతికి గంజి

3, సోమవారం

ఇక పేడ రాదట. డెయిరీ వాళ్లు ఊరి అవతలికి వెళ్లిపోయారు. సూపర్వైజరు కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. "పేడ లేకపోతే ఏమైంది పెద్దాయనా. మార్కెట్లో కుళ్లేదానికి కరువా?"

నేనేమీ అనలేదు. అనాల్సిన మాట ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. ఎప్పుడూ అంతే.

గ్యాస్ గోతిలోకి పేడ సగం, కూరగాయల చెత్త సగం. మా అబ్బాయి నేర్పింది అదే. వాడి తర్వాత నేను చేస్తున్నదీ అదే. ముదురు ఆకులు సన్నగా తరగాలి. ఉల్లిపొట్టు వద్దు. నిమ్మ, నారింజ తొక్కలు బొత్తిగా వద్దు. "నాన్నా, ఈ గోతికి మన పాత గేదెకున్నంత పొట్ట ఉంది, అంత తెలివి లేదు. ఏది పెడితే అది మింగుతుంది. మనమే చూసి పెట్టాలి" అనేవాడు.

రేపటి నుంచి జ్యూస్ ఫ్యాక్టరీ పిప్పి వస్తుందట. తొక్కలతో సహా.

వాడు పోయిన తర్వాత గోతి మీద గ్యాస్ పట్టే ఇనప డ్రమ్మును ఎవరూ తీయలేదు. గొయ్యి పాడైతేనే తీస్తారు. తీస్తే అడుగున మడ్డి ఎత్తడానికి ఎవరో ఒకరు దిగాలి. వాడు అలా దిగినవాడే. లోపలి గాలికి పడిపోయాడు, మళ్లీ లేవలేదు. గొయ్యి బాగున్నంత కాలం ఎవరూ దిగక్కర్లేదు. నా కొడుకు పని నాకిస్తామంటే అందుకే సరేనన్నాను. పొట్టకూటి కోసం అనుకున్నారు అందరూ. అనుకోనీ.

వెనక సందులో ఆ నీలం బండిని మళ్లీ ఇరుకుగా పెట్టారు. గోడవైపు తిరిగి, పక్కకి జరుగుతూ రావాల్సి వచ్చింది. చొక్కా ముందంతా సున్నం. "ఊళ్లో గోడలకి వెల్ల మీరే వేస్తున్నారా మామయ్యా" అంది కోడలు.


4, మంగళవారం

పిప్పి వచ్చింది, ట్రాక్టరు నిండా. తియ్యటి వాసన. మార్కెట్లో ఉన్న ఈగలన్నీ దాని వెనకే వచ్చాయి.

కాటా తూకం వేశాడు. తూకం వేసే మనిషిని ఇక్కడ అందరూ కాటా అనే పిలుస్తారు. అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో. "సగం నీళ్లే. వీటిని తూచాలంటే నా కాటాకి సిగ్గేస్తోంది" అన్నాడు ట్రాక్టరు వాడితో. చుట్టూ ఉన్న హమాలీలు నవ్వారు. నన్ను చూసి అతను నవ్వు ఆపేశాడు.

అతనితో నేను మాట్లాడను. కోపమేమీ లేదు. మాట్లాడటానికి ఏమీ లేదు, అంతే.

తొక్కలు ఏరి పక్కన పెట్టబోయాను. సూపర్వైజరు చూశాడు. "ఏరుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది పెద్దాయనా, వేసెయ్" అన్నాడు.

వేశాను.


6, గురువారం

డ్రమ్ము ఇంతెత్తు లేవడం నేనెప్పుడూ చూడలేదు. గ్యాస్ నిండిపోయి పక్కల నుంచి బుడగలు కక్కుతోంది. ఈ గ్యాస్ వెళ్లే క్యాంటీన్లో, కోడలు వండే పొయ్యి మంట గిన్నె అంచు దాటి పైకి వచ్చిందట.

"ఇలాగైతే నా కనుబొమ్మలు మిగలవు మామయ్యా" అంది కోడలు. అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. హమాలీలకి భోజనం గంట ముందే పెట్టేసి, గిన్నెలు తోముకుని, బయట అరుగు మీద కూర్చుంది. తను పనివేళలో కూర్చోవడం కూడా ఈరోజే చూశాను.

సూపర్వైజరు నా భుజం మీద చరిచాడు. "చూశావా? పేడ, పేడ అని ఏడ్చావు."

నేను ఏడవలేదు. ఆ మాటే ఎత్తలేదు.

ఇంట్లో అన్నం రెండోసారి పెట్టించుకున్నాను. పేడ అక్కర్లేదేమో. వాడికి ఈ పిప్పి సంగతి తెలియదు కదా. తెలిస్తే ఇదే వేసేవాడేమో.


7, శుక్రవారం

మంట బాగుంది.


8, శనివారం

మంట బాగుంది. ఇంకో ట్రాక్టరు వేశాం.


10, సోమవారం

పొద్దున పొయ్యి ఒకపట్టాన అంటుకోలేదట. బర్నరులో మసి చేరి ఉంటుందన్నాను. డ్రమ్ము లేచే ఉంది.


11, మంగళవారం

కోడలు పిన్నీసు పెట్టి బర్నరు కన్నాలన్నీ పొడిచింది. "బర్నరు మీ గడ్డం కన్నా శుభ్రంగా ఉంది మామయ్యా. మంటే లేదు."

వెళ్లి చూశాను. మంట పాలిపోయి, బర్నరుని వదిలి గాలిలో తేలుతోంది. ఊదితే పోయేలా ఉంది. గ్యాస్ మాత్రం వస్తోంది. చెయ్యి పెడితే తగులుతోంది.

డ్రమ్ము లేచే ఉంది కాబట్టి గోతిలో ఏమీ కాలేదు. పైపులో నీళ్లు చేరి ఉంటాయి.


12, బుధవారం

పనికి వెళ్లలేదు. వాడు పోయిన తారీఖున వెళ్లను. కోడలూ వెళ్లలేదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. సాయంత్రం "టీ పెట్టనా" అంది. తాగాను.

కాటా వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. ప్రతి ఏడూ వస్తాడు. కోడలు లోపలికి పిలిచింది. నేను పెరట్లోకి వెళ్లి, ఆరిన బట్టలు తీశాను. ఆరనివి కూడా తీసేశాను.


14, శుక్రవారం

పైపులో నీళ్లు లేవు.

గోతి అంచున నురగ. పులిసిన వాసన. మజ్జిగ పులుపు కాదు, కక్కిన పాల పులుపు. పొయ్యి అంటుకోలేదు. కోడలు క్యాంటీన్ వెనక కట్టెలు పెట్టి వండింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొగకేనంది.

"ఏంటిది పెద్దాయనా, డ్రమ్ము ఇంత లేచి ఉంటే మంట రాకపోవడమేమిటి?" అన్నాడు సూపర్వైజరు. గోతి చుట్టూ ఒకసారి తిరిగాడు. "డ్రమ్ము తీసి చూడాల్సి వస్తుందేమో."

నా చేతిలో పార జారి కాలి మీద పడింది. దెబ్బ పెద్దదేమీ కాదు.


15, శనివారం

కట్టెల బూడిద వేశాను. సున్నం కలిపి పోశాను. బకెట్టు పట్టుకుని రోడ్డు మీద ఆవుల వెనక తిరిగాను. జనం చూస్తున్నారని తల దించుకునే నడిచాను. ఒక ఆవు నన్ను మార్కెట్ గేటు నుంచి బస్టాండు దాకా నడిపించి, అక్కడ కూడా ఏమీ వేయకుండా పడుకుంది.

సాయంత్రానికి అర బకెట్టు పేడ దొరికింది. అంత పెద్ద గోతిలో అది ఎటు పోయిందో కూడా తెలియలేదు.

పిప్పి ట్రాక్టరు ఆపమని సూపర్వైజరుకి చెబుదామని గది దాకా వెళ్లాను. ఫోన్లో ఉన్నాడు. కాసేపు నిలబడి వచ్చేశాను.


17, సోమవారం

పై ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. చదువుకున్న పిల్ల. బ్యాగు నిండా రంగు కాగితాలు. గోతిలో నుంచి వచ్చే నీళ్లలో కాగితం ముంచి, డబ్బా మీద రంగులతో పోల్చి చూసింది. మొహం ముడుచుకుంది.

"ఏమేం వేశారు తాతగారూ?"

చెప్పాను. సూపర్వైజరు నా మాట మధ్యలో దగ్గాడు.

చాలాసేపు విడమరిచి చెప్పింది. గోతిలో కంటికి కనపడని పురుగులు రెండు రకాలట. ఒక రకం, వేసినదాన్ని తిని పులుపు చేస్తాయి. రెండో రకం ఆ పులుపుని తిని, మండే గ్యాస్ చేస్తాయి. మొదటివి చాలా చురుకు, రెండోవి నిదానం. పిప్పి లాంటి తీపి వేస్తే మొదటివి రెచ్చిపోతాయి. రెండోవి అందుకోలేవు. పులుపు పేరుకుపోతుంది, ఆ పులుపుకే రెండోవి చచ్చిపోతాయి. అప్పుడు వచ్చే గ్యాస్ డ్రమ్మును లేపుతుంది గానీ మండదు.

"అంటే తోడికోడళ్లన్నమాట" అంది మా కోడలు. టీ ఇవ్వడానికి వచ్చి అక్కడే నిలబడింది. "ఒకతి వండిన గిన్నెలన్నీ తెచ్చి పడేస్తుంటుంది, రెండోది తోమలేక చస్తుంది."

ఆ అమ్మాయి నవ్వింది. "అంతే అక్కా. పేడ ఉంటే ఆ రెండోదానికి తోడు మనుషులు వచ్చినట్టు. పులుపుని కూడా అదుపులో ఉంచుతుంది. ఆకులైతే నెమ్మదిగా అరుగుతాయి, పర్లేదు. వట్టి పిప్పి, అందులో నారింజ తొక్కలు కూడానా."

వాడు చెప్పిందే. తొక్కలు బొత్తిగా వద్దని.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు సూపర్వైజరు.

"ఏమీ చెయ్యకూడదు. రెండు వారాల దాకా ఒక్క ముద్ద కూడా వెయ్యొద్దు. కడుపు మాడ్చండి. తేరుకుంటే తేరుకుంటుంది. లేకపోతే డ్రమ్ము తీసి, ఖాళీ చేసి, కొత్తగా మొదలుపెట్టాలి."

రాసుకోవడానికి ఇంకేమీ లేదు. తేరుకుంటుంది.


19, బుధవారం

ఏమీ వేయలేదు. తోముకున్న పారని మళ్లీ తోమాను.


20, గురువారం

ఇంతకుముందు గోతి దగ్గర కూర్చుంటే లోపల గుడగుడలాడే చప్పుడు వినపడేది. ఇప్పుడు లేదు. డ్రమ్ము కూడా దిగుతోంది. అంచుకి చెవి పెట్టి విన్నాను. అటుగా పోతున్న ఒక హమాలీ "ఏమంటోంది తాతా?" అన్నాడు. ఏమీ అనడం లేదన్నాను.

ఆకలితో ఉన్నదాన్ని చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. ఆ అమ్మాయి మంచిదే. కానీ కాగితంతో చూసింది. గేదె మేత మానేస్తే మేం ఊరికే కూర్చునేవాళ్లమా.


21, శుక్రవారం

వాడికి చిన్నప్పుడు విషజ్వరం వచ్చింది. ఏది పెట్టినా కక్కేసేవాడు. వాళ్లమ్మ పలచటి గంజి చెంచాతో పోసి, అలా పోసి పోసి, బతికించుకుంది. గట్టివి పెట్టలేదు. గంజి ఒక్కటే.

క్యాంటీన్లో గంజి వార్చి పక్కన పెడతారు. కోడలు బిందెలు తేవడానికి వెళ్లినప్పుడు ఒక బకెట్టు తెచ్చాను. చల్లార్చి, నీళ్లు కలిపి, పలచగా చేసి పోశాను. కొంచెమే.


22, శనివారం

డ్రమ్ము ఒక వేలెడు లేచింది. కళ్లతో చూశాను. సుద్దతో గీత గీసి మరీ చూశాను.

ఇంకో బకెట్టు పోశాను.


23, ఆదివారం

మార్కెట్ సెలవు. అయినా వెళ్లి పోశాను. నిన్నటి గంజి, కొంచెం పులిసింది. ఫరవాలేదు. లోపల చప్పుడు మొదలైంది. గుడగుడ. అంచు మీద కూర్చుని చాలాసేపు విన్నాను. వచ్చేటప్పుడు సందులో ఆ నీలం బండి ఉన్నా విసుగు రాలేదు.


25, మంగళవారం

ఆ అమ్మాయి వచ్చింది. కాగితం ముంచింది. ఇంకో కాగితం ముంచింది. మూడోది కూడా.

"మొన్నటికన్నా ఘోరంగా ఉంది. ఎవరైనా ఏమైనా వేశారా?"

నేను నా కాళ్లవైపు చూశాను. పార తగిలిన గోరు నల్లబడింది. సూపర్వైజరు కాటా వైపు, కాటా నా వైపు చూశారు.

"నేనే" అంది కోడలు. "గంజి వార్చి అటు పారబోశాను. మురిక్కాలవ అనుకున్నాను."

"అయ్యో అక్కా. గంజి అంటే ఆ పిప్పి కన్నా త్వరగా పులుస్తుంది. అన్నింటికన్నా అదే చెడ్డది ఇప్పుడు."

"మరి డ్రమ్ము లేచిందే" అన్నాను. నా నోట్లోంచి వచ్చేసింది. ఎవరూ పట్టించుకోలేదో, పట్టించుకోనట్టు నటించారో.

"గ్యాస్ వస్తుంది తాతగారూ. మండదు."

సూపర్వైజరు కోడల్ని నానా మాటలూ అన్నాడు. వంటమనిషివి వంట చూసుకోవాలని, గొయ్యి నీ అత్తగారి వంటిల్లు కాదని. తను తల వంచుకుని పడింది. నేను అక్కడే ఉన్నాను. మూరెడు దూరంలో.

ఇంటికొచ్చాక అడిగాను. "ఎందుకలా అన్నావమ్మా?"

బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే చెప్పింది. "మీరు అనలేరు కాబట్టి."


26, బుధవారం

గొయ్యి చచ్చిపోయింది.


27, గురువారం

సోమవారం డ్రమ్ము తీస్తారు.

గోతి దగ్గర అందరినీ నిలబెట్టి సూపర్వైజరు అడిగాడు. "నీళ్లు తోడేస్తాం. అడుగున మడ్డి గట్టిపడి ఉంటుంది. ఎవరు దిగుతారు?" ఈ సూపర్వైజరు కొత్తవాడు, అప్పుడు వేరే ఆయన ఉండేవాడు. అప్పుడూ ఇదే మాట. అప్పుడు వాడు చొక్కా విప్పి "అదెంతసేపు సార్" అన్నాడు.

ఈసారి కాటా ముందుకొచ్చాడు. "నేను దిగుతాను."

"నీకు తూకాలున్నాయి కదా."

"తూకాలు ఎవరైనా వేస్తారు."

నేను ఇంటికి వచ్చేశాను.

దిగితే దిగనీ. ఆ రోజు తాడు పట్టుకున్నది అతనే. పైన నిలబడ్డది అతనే. ఇప్పుడు అతను దిగనీ, పైన ఇంకెవరో నిలబడనీ. నాకేం.

ఈ మాట కొట్టేద్దామనుకున్నాను. ఎవరూ చదవరు కదా. ఉండనీ.


28, శుక్రవారం

కోడలికి కాటా దిగుతున్న సంగతి తెలిసింది. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. మామూలుగా కూర్చోదు.

"మామయ్యా, మీరు అతని చేతులు ఎప్పుడైనా చూశారా?"

ముద్ద నోట్లో పెట్టుకున్నాను, మాట్లాడక్కర్లేకుండా.

"ఆ రోజు ఆయన నడుముకున్న తాడు పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. బరువుకి తాడు జారుతుంటే కూడా వదల్లేదు. అరచేతుల్లో తోలు లేచిపోయింది. ఇప్పటికీ పిడికిలి పూర్తిగా ముడవలేడు. తూకం రాళ్లు రెండు చేతులతో ఎత్తుతాడు, చూడండి."

రోజూ చూస్తూనే ఉన్నాను. బడాయికి అలా ఎత్తుతాడనుకున్నాను.

"ఇంకొకడు పోతే మళ్లీ ఆ పొయ్యి దగ్గర నిలబడి వండలేను నేను. చెప్తున్నాను, అంతే" అని లేచింది.


29, శనివారం

పొద్దున కాటా గోతి దగ్గర తాడు సరిచూసుకుంటున్నాడు. మూరలు కొలుస్తున్నాడు. ముడి బిగించడానికి పళ్లతో పట్టుకున్నాడు, వేళ్లు సహకరించక. దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. అరచేయి చూశాను. కాల్చి మడిచిన తోలు సంచిలా ఉంది.

"నువ్వు దిగొద్దు" అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. "మరెవరు దిగుతారు బాబాయ్?"

బాబాయ్ అన్నాడు. వాడి స్నేహితుడిగా మా ఇంట్లో అన్నం తిన్న రోజుల్లో అలాగే పిలిచేవాడు.

"ఎవరూ దిగరు."

సూపర్వైజరు, ఆ అమ్మాయి అప్పుడే వచ్చారు. నేను వాళ్లవైపు తిరిగాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఎవరూ దిగరు. డ్రమ్ము తీస్తే దాని పక్కన నేను కూర్చుంటాను. ఎవడు దిగబోయినా కాళ్లు పట్టుకుంటాను."

"నువ్వేమిటి పెద్దాయనా పొద్దున్నే. మరి మడ్డి ఎవరు తీస్తారు? నువ్వు గంజి పోస్తావా మళ్లీ?" అన్నాడు. ఆయనకి తెలుసన్నమాట.

ఆ అమ్మాయి అయోమయంగా చూసింది. "మనిషి దిగడమేమిటి? మనిషి ఎందుకు దిగాలి? సెప్టిక్ ట్యాంకు బండిని పిలుద్దాం. పైపు వేసి లాగేస్తారు. మీ వెనక సందులోనే ఉంటుంది కదా, నీలం బండి. నేను వచ్చినప్పుడల్లా చూస్తున్నాను."

కాటా చేతిలోని తాడు కింద పెట్టాడు.


31, సోమవారం

గొలుసు వేసి డ్రమ్ము లేపి పక్కన పెట్టారు. అందరినీ దూరంగా నిలబెట్టింది ఆ అమ్మాయి. నీలం బండి వెనక్కి వచ్చింది. డ్రైవరు, ఇంకొకతను లావు పైపు విప్పి గోతిలోకి వదిలారు. పీచులా గట్టిపడ్డ మడ్డిని, వేరే పైపుతో నీళ్లు కొట్టి పలచన చేసి లాగేశారు. డ్రైవరు పక్కన నిలబడి అరటిపండు తిన్నాడు. ఒకసారి పైపుకి ఏదో అడ్డం పడింది. కొక్కెం వేసి పైకి తీశారు. ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు, పట్టు విరిగిపోయి ఉంది. వాడు దిగినప్పుడు చేతిలో ఉన్నది. ప్లాస్టిక్‌ని గొయ్యి తినదు. కాటా దాన్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి కడిగాడు. చాలాసేపు కడిగాడు. తెచ్చి నా పక్కన పెట్టాడు.

హమాలీలు భోజనాలకి కూర్చోకముందే అంతా అయిపోయింది. డ్రైవరు చొక్కా కూడా నలగలేదు.

అతను చేతులు కడుక్కుంటుంటే దగ్గరికి వెళ్లాను. "ఈ బండి కొత్తదా బాబూ?"

"కొత్తదెక్కడిది పెద్దాయనా. మా నాన్న కొన్నాడు. నేను బడికెళ్లే రోజుల నుంచీ ఆ సందులోనే పెడుతున్నాం."

"మరి ఇక్కడికి ఎప్పుడూ..."

"ఎవరూ పిలవలేదు కదా" అన్నాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.


1, మంగళవారం

రాయడానికి ఏమీ లేదు.


2, బుధవారం

ఊరి అవతల డెయిరీ నుంచి పేడ తెప్పించారు. ఆ అమ్మాయే మాట్లాడిందట. ముందు పేడ ఒక్కటే వెయ్యాలి. తర్వాత కొంచెం కొంచెం ఆకులు. పిప్పి తేవొద్దని కాగితం మీద రాసి సూపర్వైజరు గది గోడకి అంటించింది. ఈ మాత్రానికి కాగితమెందుకన్నాడు ఆయన.

కాటా, పేడ కలిపే తొట్టి దాకా వచ్చి, ఒక్కరి చేతులు చాలవు కదా బాబాయ్ అన్నాడు. పట్టు విరిగిన బకెట్టుని ఇద్దరం చెరో పక్కా అంచు పట్టుకుని పోశాం. మాట్లాడుకోలేదు. ఇప్పుడు మాట్లాడటానికి చాలా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు.

మంట రావడానికి నెల దాటుతుందట. అందాకా కోడలు పొగలో వండాలి.

వచ్చేటప్పుడు బండి మళ్లీ సందులోనే ఉంది. ఇన్నాళ్లూ గోడవైపు తిరిగి నడిచేవాణ్ని. ఈరోజు బండివైపు తిరిగాను. దాని మీద రాసి ఉంది. అరచెయ్యంత తెల్ల అక్షరాలు, దుమ్ము పట్టినా చదవొచ్చు. గోతులు, ట్యాంకులు మిషనుతో ఖాళీ చేయబడును. కింద ఫోన్ నంబరు.

నాకు చదవడం వచ్చు. ఐదో తరగతి దాకా ఊరి బళ్లో చదివాను. వాడికి నాకన్నా బాగా వచ్చు. వాడూ రోజూ ఆ సందులోంచే వచ్చేవాడు.

ఇంట్లోకి అడుగు పెట్టగానే కోడలు చూసింది.

"ఏంటి మామయ్యా, ఇవాళ సున్నం వీపుకి అంటింది. ఇటు తిరిగి వచ్చారా?"

అవునమ్మా అన్నాను.

ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు చూసింది. చొక్కా విప్పి ఇచ్చాను.